పన్నెండో రోజు

కలాసిపాళ్యలో టైర్ల సందు దాటితే
మూడో షట్టరు ఫయాజుది.
మదనపల్లె వదిలి ముప్పై ఏళ్లయినా
ఆ మట్టితోనే మాట్లాడతాడు తెలుగు.

గేరులో ఉంచి, నా జీపు వెనకభాగాన్ని జాకీల మీద లేపాడు.
"ఈ చక్రం తిప్పు మేడం."
తిప్పాను. నా వైపుది ముందుకి,
అవతలిది వెనక్కి,
మాటా మాటా అనుకున్న తోడికోడళ్లలా.

"చూస్తివా, దీని గుణమే ఇంత.
మలుపులో బయటి చక్రం నాలుగడుగులు ఎక్కువ నడవాల.
ఎవరి నడక వాళ్లని నడవనిస్తాది.
రోడ్డు మీద దీన్ని మించిన పెద్దమనిషి లేడు.
బురదలో దిగినావా,
జారేవాడికే బలమంతా ధారపోస్తాది,
గట్టినేల మీద నిలబడినోడికి చిల్లిగవ్వ ఇయ్యదు."

నాకు తెలుసు. పోయిన ఆషాఢంలో
హొసకోటె అవతల, ఎండిందనుకున్న చెరువు అంచున
కుడి చక్రం బురదని చిలికి చిలికి వెన్న తీస్తుంటే
ఎడమది పొడిగడ్డి మీద
పరాయి పెళ్లికొచ్చినట్టు నిలబడింది.
ట్రాక్టరతను ఎనిమిది వందలు తీసుకుని
నవ్వు మాత్రం ఉచితంగా ఇచ్చాడు.

అందుకే వచ్చాను లాకరు కోసం.
చీరల కొట్టువాడిలా
బల్ల మీద మూడు రకాలు పరిచాడు, ఒక్కోటీ తుడిచి.

ఒకటి తనంతట తనే పట్టుకునేది.
చవక. గొట్టం, వైరు, స్విచ్చు ఏమీ అక్కర్లేదు.
కానీ ప్రతి మలుపులో టక్కు టక్కుమని పళ్లు కొరుకుతుంది.
మా అపార్టుమెంటు బేస్‌మెంటు దారేమో జంతిక చుట్టు.
రాత్రి పదకొండింటికి నేను దిగితే
మొదటి అంతస్తు రంగస్వామిగారు
బాల్కనీలోకొచ్చి గొంతు సవరించుకుంటారు.
వానలో ఫ్లైఓవరు దిగేటప్పుడు
ఏ క్షణాన పట్టుకుంటుందో, తోక ఎటు విసురుతుందో
దానికే తెలియాలి.

రెండోది క్లచ్చు బిళ్లలది, మెత్తనిది.
కొంచెం జారితే కొంచెం పట్టుకుంటుంది.
చక్రం గాల్లోకి లేచిందంటే
"ప్రయత్నించానండీ" అని చేతులెత్తేస్తుంది.
అలాంటి మేనేజరు నాకు ఆఫీసులో ఉన్నాడు, చాలు.

మూడోది గాలితో బిగిసేది.
నొక్కితే రెండు చక్రాలూ ఒకటే మాట,
వదిలితే మళ్లీ ఎవరి దారి వాళ్లది.
ధర చెప్పే ముందు ఫయాజు టీ తెప్పించాడు.

చెప్పాక టీ చల్లారింది.

"ఏడాదిలో ఎన్ని దినాలు బురదలోకి పోతావు?"
వేళ్లు మడిచాను. కోలారు కొండలు, సకలేశపురం ఒకసారి.
ఎంత సాగదీసినా పదకొండు.
"మిగతా దినాలు?"
హొరమావు నుంచి టిన్ ఫ్యాక్టరీ,
టిన్ ఫ్యాక్టరీ నుంచి వైట్‌ఫీల్డు.
మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటిది.
"పదకొండు దినాల కోసం కొంటా ఉండావు,
మున్నూటా యాభైనాలుగు దినాలు దాంతో కాపురం చేయాల.
పిలిస్తే పలికేది తీసుకో.
పిలవకుండా పలికేదాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు."

సరే, ఈ ఏడాదికి సోఫా స్ప్రింగు అలాగే గుచ్చుకోనీ.

ఏసీ మీట పక్కన స్విచ్చు బిగించాడు, పైన ఎర్రమూత.
"తిన్నగా ఉన్నప్పుడే నొక్కు. మలుపుకి ముందు ఆపు.
మరిస్తే ఇరుసు నీ మీద కేసు పెడతాది."

మూడు నెలలు మూత ఎత్తలేదు.

సెప్టెంబరు వాన.
మా వీధిలోనే, మా గేటుకి ఇరవై అడుగుల్లో
నీళ్ల పైపు కోసం తవ్వి, మట్టి కప్పి
దండం పెట్టి వెళ్లిపోయారెవరో.
ఎడమ వెనక చక్రం అందులోకి దిగబడింది.
వెనక నాలుగు హారన్లు.
కోలారూ లేదు, కొండా లేదు.
పక్క సీట్లో లాప్‌టాప్ సంచి, అరకేజీ కాకరకాయలు.

మూత ఎత్తాను.
స్స్‌మని గాలి, కిందెక్కడో ఒక టక్.
మడుగులోంచి బర్రె లేచినట్టు
ఒళ్లు దులుపుకుంటూ పైకొచ్చింది జీపు.

వాచ్‌మన్ మాదేశ గొడుగుతో గేటు తీస్తూ
"ఏనాయ్తు మేడం?" అన్నాడు.
పన్నెండో రోజు, అన్నాను.
అతను గొడుగు రెండో చేతికి మార్చుకున్నాడు.

బేస్‌మెంటు మలుపు దగ్గర
గుర్తొచ్చి, ఆపాను.
చక్రాలు ఎవరి నడక వాళ్లు నడుచుకుంటూ
చప్పుడు లేకుండా దిగాయి.
రంగస్వామిగారి లైటు వెలగలేదు.