ఆగుడు

బయట నలభై ఏడు.
లోపల, గోడ మీది ఎర్ర అంకెలల్ల, మైనస్ రెండు.
నడుమ ఒక్కటే అద్దం తలుపు.
దాని ముందట మేం నలుగురం
కిరాయి కోట్లు తొడుక్కొని,
ఎవరిదో పాత చెమట వాసన మెడకు చుట్టుకొని
నింపిన బస్తాల లెక్క నిలబడ్డం.

గ్లవ్స్‌కు వేరే పైసలట.
ఇస్తారి జేబులకెళ్లి సైటు గ్లవ్స్ తీసిండు,
సిమెంటు పట్టిన నాలుగు జతలు.
"ఇవి ఉన్నంక అవెందుకు?"

టికెట్లు కంపెనీ ఇనాం.
ఏడాది మొత్తం ఎవ్వలూ పడలేదని
మా టవర్ కాడ బోర్డు మీద సున్నా రాసి,
సున్నా పక్కన మమ్ముల నిలబెట్టి ఫోటో తీసిండ్రు.
మార్చిల పడ్డాయన
వేరే కంపెనీ పంపిన మనిషి.
ఆ సున్నాల రాడు.
పోశెట్టి ఫోటోల లేడు,
చాయ్‌కి పోయిన అన్నడు.

దుబాయి మాల్ల, చెప్పుల దుకాణం ఎనక, కొండ!
ఉయ్యాల కుర్సీ మమ్ముల ఎత్తుకొని పోతుంటే
ఇస్తారి చెయ్యి నడుముకాడ దేనికోసమో ఎతుకుతుంది.
హుక్కు.
ముప్పై రెండో అంతస్తు బయటి గోడకు
బల్లి లెక్క అంటుకొని పని చేసేటోడు
"బెల్టు లేకుంట ఎట్ల కూసుంటర్రా వీళ్లు" అని
ఇనుప కడ్డీని రెండు చేతుల కావలించుకున్నడు.
ముందు కుర్సీల ఏడేండ్ల అరబ్బు పిల్ల
కాళ్లు ఊపుకుంట చాక్లెట్ తింటుంది.

పైన నిలబడి చూస్తే
కొండ కిందికి కాదు, కడుపులకు దిగింది.

నేర్పే పిల్ల పేరు మారిసెల్, ఫిలిప్పీన్స్.
"ఆగాలంటే పీజా ముక్క!
ముందటి కొసలు కలపాలె, మడిమలు వెడల్పు."
పీజా ఎవడు తిన్నడు?
భూమేశ్ చూసి చూసి అన్నడు,
"అరే, నాగలి కర్రు. లోతుకు దిగితే ఎద్దులే ఆగుతయి."
అంతే, అందరికి తెలిసింది.
తెలుసుడు వేరు, ఆగుడు వేరు.

మొదలు నేనే పడ్డ.
నా మీద భూమేశ్.
భూమేశ్ మీద ఎవరో రష్యా ఆయన, సారీ సారీ అనుకుంట.
నోట్లె మంచు. రుచి లేదు,
ఫ్రిజ్జు గోడ గీకిన వాసన.
దెబ్బ ఎక్కడ తాకిందని తడుముకుంటే
ఎక్కడా లేదు.
పడ్డం, ఏం కాలే!
పడ్డం, ఎవ్వలు విజిల్ ఊదలే,
పని ఆపలే,
పాస్‌పోర్టు నంబరు అడగలే.
నవ్వు ఆగుతలేదు.
మళ్ల ఎక్కినం, మళ్ల పడ్డం.
ఇస్తారి అయితే కావాలని పడ్డడు,
చేతులు చాపి, ఎల్లకిల,
"ఇంకోసారి చూడుర్రి" అని.

పోశెట్టి పైననే ఉన్నడు.
పిలిచినం. రాలే.
మార్చిల ఆ మనిషికి
ఫ్లాస్కు అందించింది పోశెట్టే.
మూత ఇంకా ఈయన తాన్నే ఉన్నది.

టైం అయిందని మైకుల చెప్పిండ్రు.
అప్పుడు కదిలిండు.
నడుం వంచి, మోకాళ్లు ముడిచి,
కొసలు రెండు కలిపి,
జానెడు జానెడు
కొండంత పొడుగు సాలు పోసుకుంట దిగిండు.
ఒక్కసారి పడలే.
మారిసెల్ చప్పట్లు కొట్టింది.
మాకు చేతులు రాలే.

కోట్లు వాపసిచ్చి బయటికొస్తే
పొయ్యి మీది మూత తీసినట్టు ఎండ.
బస్సు కిటికీల నుంచి ఇస్తారి గ్లవ్స్ పిండిండు.
బూడిద రంగు నీళ్లు.

రాత్రి మూడింటికి క్యాంపుల లేచిన, దాహమై.
పై మంచం మీద పోశెట్టి నిద్రల ఉన్నడు.
దుప్పటి దాటొచ్చిన పాదాలు రెండు
బొటనవేళ్లు కలుపుకొని, మడిమలు వెడల్పు చేసుకొని
బిగవట్టి ఉన్నయి.
ఎంత నిటారు దిగుతుండో,
ఎవరి ముందట అడ్డం నిలబడ్డడో.

దుప్పటి సవరించబోయి
ఊకున్న.