ఫ్యూజు పీకిన చెయ్యి

మూడు నెలల బిల్లు బాకీ ఉందని
అడిక్‌మెట్‌లో ఒక గదికి ఫ్యూజు పీకడానికి పోయాను.
తలుపు బార్లా తెరిచి ఉంది.
అద్దెకున్న పిల్లగాడు రాత్రికి రాత్రే జెండా ఎత్తేశాడట.
మిగిలినవి ఒక చాప, రెండు హ్యాంగర్లు,
మూలన వెలుగుతున్న అద్దాల పెట్టె.

పీకాను.
పెట్టెలో దీపం ఆరింది.
రాతి మీద ఇంకో రాయి తల పైకెత్తి
ముందు బల్బు వైపు చూసింది,
తర్వాత నా వైపు.

"గడ్డం తొండ సారూ," అన్నాడు వాచ్‌మన్ లింగమయ్య,
"వేడి లేకుంటే తిన్నది అరగక సస్తదట."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎన్ని ఇళ్ళు చీకటి చేశానో.
ఏ చీకటీ నన్నిట్లా నిదానంగా చూడలేదు.
పెట్టెను ఆటోలో వేసి,
దాన్ని నా పసుపు హెల్మెట్‌లో పడుకోబెట్టి
రాంనగర్ తెచ్చాను.

స్వరూప చీపురుతో గడపలోనే ఆపింది.
"తొండ ముదిరితే ఊసరవెల్లి అయితదంటరు,
ఇది అన్నీ ముదిరినంకనే వచ్చినట్టుంది."
రెండోనాడు అది పరదా మీంచి ఆమె భుజం మీదికి దూకింది.
తలస్నానం చేసొచ్చి పంచాంగం తీసింది.
బల్లి పడితే ఏమిటో రాసుంది, తొండ పడితే ఏమిటో రాసుంది,
ఆస్ట్రేలియా ఎడారి జీవానికి
ఫలమేమీ రాయలేదు.
"సరే, మనమే చూద్దాం" అని పుస్తకం మూసింది.
పేరు కూడా ఆమే పెట్టింది: సూర్యం.

సూర్యానికి ఒక మూల నలభై డిగ్రీల వేడి కావాలి,
ఇంకో మూల చెట్టు నీడంత చల్లదనం.
మే నెలలో మా రేకుల గదిలో మొదటిది ఊరికే వస్తుంది,
రెండోదానికి కూలర్ పెట్టాం.
ఎముకలకని ఒక పొడుగు ట్యూబు.
ఆరు నెలలకోసారి మార్చాలి, వెలుగుతూనే ఉన్నా సరే;
కనబడే వెలుగు మిగిలి కనబడనిది అయిపోతుందట.
లైన్‌మన్‌ని, నాకే ఈ సంగతి తెలియదు.

ఆదివారం ముర్గీచౌక్‌లో కీచురాళ్ళు కొంటాను.
రాత్రి వంటింటి గట్టు కింద అవి అరుస్తుంటే
పక్కింటి రజాక్ భాయ్ గోడ తట్టి
"ఏం భాయ్, పొలం కొన్నవా?" అంటాడు.
స్వరూప వాటికి కాల్షియం పొడి పట్టిస్తుంది,
చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించినట్టు.
మునగాకు, సొరకాయ తురుము సరే. పాలకూర వద్దు.
వద్దని తెలిసేలోపు రెండుసార్లు పెట్టాం;
ఎవరికీ చెప్పలేదు.

కుబుసం విడిచేటప్పుడు తోక చివర పొర అతుక్కుపోయింది.
నా వేలు ముందుకు పోతే ఆమె కొట్టింది.
"అదే ఊడుతది. అన్నీ పీకుడేనా నీకు?"
గోరువెచ్చని నీళ్ళ టబ్బులో దాన్ని నిలబెట్టి
అరగంట అట్లనే కూర్చుంది.
అది ఒక ముందుకాలు ఎత్తి మెల్లగా గాల్లో తిప్పింది,
ఆగని బస్సుకు చెయ్యెత్తినట్టు.

డిసెంబరులో తుఫాను ముసురు.
బాగ్‌లింగంపల్లిలో చెట్టు విరిగి తీగల మీద పడింది.
నేను స్తంభం మీద, వాన నా మీద.
కింద అందరిదీ ఒకటే మాట: ఎప్పుడొస్తది?
"పది నిమిషాలు" అంటున్నాను, ఎప్పటిలాగే.
జేబులో ఫోను. స్వరూప. అదే మాట.
"ఇప్పుడే తిన్నది. ఒళ్ళు చల్లబడుతున్నది."
ఆమెకు పది నిమిషాలని చెప్పలేకపోయాను.
"రెండు గంటలు. ఎక్కువే పట్టొచ్చు."
కాసేపు రెండు వైపులా వాన చప్పుడు.
"కానియ్. నా దగ్గరున్నది. నువ్వు జారకు."

ఇల్లు చేరేసరికి పదకొండు.
కరెంటు నాకన్నా ముందే వచ్చి కూర్చుంది.
ఖాళీ రాయి మీద దీపం వెలుగుతోంది.
గోడకానుకుని స్వరూప నిద్రలో ఉంది,
నా పాత స్వెట్టర్ వేసుకుని.
మెడ దగ్గర గుండీల సందులోంచి గడ్డం.
నల్లబడలేదు.
ఆమె ఊపిరితో పాటు లేస్తోంది, దిగుతోంది.

రాత్రి దానికి చీకటి కావాలి.
తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని
స్విచ్ ఆర్పాను.
సూర్యం ఒక కన్ను సగం తెరిచి
మళ్ళీ మూసుకుంది.