షహద్ హోంవర్కు

ఫహాహీల్‌లో మధ్యాహ్నం మూడు.
ఏసీ గొంతు తప్ప ఇంట్లో ఎవురి గొంతూ లేదు.
నేను బామియా తొడిమెలు కోస్తాండా.
వంటింటి బల్లమింద పుస్తకం పరిచి
షహద్ నాకు పాఠం చెప్తాంది.
రేపు పరీక్షంట.
వినేదానికి నేనొక్కదాన్నే దొరికినా.

"ఓబులా, ఒక మలిక్ ఉండె, సముద్రానికి ఆ పక్క.
ఈ పక్క ఆయన జనం.
కాగితం మింద పన్నేసినాడు, టీ మింద పన్నేసినాడు."
టీ మిందనా, అని నవ్వినా.
పొద్దన్నించి పదకొండుసార్లు కాసినా నేను.

"దానికేనా యుద్ధం?"
పెన్సిలు కొరికింది.
"టీచరూ అదే అడిగింది.
టీ ఒకటే కాదు అని రాస్తే రెండు మార్కులు."

ఇద్దరమూ ఆలోచించినాం.
బెండకాయ జిగురు వేళ్లకు పట్టుకొని సాగుతాంది.

"ముందు అర్జీ రాసినారు," పేజీ తిప్పింది,
"నువ్వే మా రాజువు, మా మాట ఇను అని.
ఆయప్ప చదవనే లేదు."

నా కత్తి ఆగింది.

నేనూ ఒకటి రాయించినా,
బకాలా కాడి మస్తానయ్యతో,
అరబ్బీలో, పప్పు బిల్లు ఎనకాల:
బాబా, మూన్నెల్ల జీతం.
బాబా, శుక్రవారం సగం పూట.
జవాజు ఒక్కసారి చేతికిస్తే
నా పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోని ఇచ్చేస్తా.
దీవానియా తలుపు కిందనుంచి తోసినా.
పొద్దున అదే కాగితం చెత్తబుట్టలో,
ఖర్జూరం గింజలు మూటగట్టి.
ఆ బుట్ట పారబోసేదీ నేనే.

"తరువాత?"
"తరువాత ఆయన చేసినవన్నీ వరసబెట్టినారు. ఇరవై ఏడు."
చదువుతా పోయింది, అరబ్బీలోకి తడుముకుంటా.
ప్రతిదానికీ మొదట ఒకటే మాట:
ఆయన, ఆయన, ఆయన.
నాది పదమూడు కాడ ఆగి ఉంది,
నిద్ర పట్టనప్పుడు లెక్కబెట్టుకున్నది.

"రాజుకు పంపినారా?"
"రాజుకు కాదు. లోకానికంతా."

అద్దీ. అట్లా చెప్పు.
తలుపు కింద తోయలేదన్నమాట.

"అది రాసినోళ్లకు అన్నం ఎవురు వండిరి?"
షహద్ పేజీలు ముందుకూ ఎనక్కూ తిప్పింది.
"పుస్తకంలో లేదు, ఓబులా."
"అడుగు రేపు."
"దానికి మార్కులుండవు."

మెట్లమింద మదాం చెప్పుల చప్పుడు.
పుస్తకం మూసేముందు ఆ పిల్ల
అంచున పెన్సిలుతో ఏందో గీకింది, చిన్నగా.
అరబ్బీ. నాకు చదవను రాదు.
చివర గుర్తు మాత్రం తెలిసింది.
మన ప్రశ్న గుర్తే,
కాకపోతే మొగం అటు తిప్పుకోని ఉంటాది.