అడిషనల్ షీట్

నాలుగో తరగతి సగంలో
కోసిగి స్టేషన్లో రైలెక్కించినారు నన్ను,
జొన్నల మూట మీద కూచోబెట్టి.
గుంటూరు మిరపచేలల్లో
పన్నెండో ఎక్కం దగ్గర నిలబడిపోయినా.

ఓపెన్ టెన్త్ ఫారంలో
బడి మానడానికి కారణం రాయమంటే
"సుగ్గి" అని రాసినా.
"అదేం జబ్బమ్మా?" అన్నాడు
కొత్తగా వచ్చిన గుమస్తా.

ఆదివారం క్లాసులు ఆదోనిలో.
ఒక వారం పోతా, రెండు వారాలు కూలి.
పుస్తకం మాత్రం పెనం పక్కనే,
సాంఘికశాస్త్రం అట్ట నిండా రొట్టెల పిండి.

పరీక్షలో పదిహేడో ప్రశ్న:
వలసలకు కారణాలు. నాలుగు మార్కులు.
రాస్తా ఉంటే కాగితాలు అయిపోయినాయి.
"నాలుగు మార్కులకు ఇంకో షీటా, ఉరుకుందమ్మా?"
గొణుక్కుంటానే ఇచ్చినాడు సారు.

దారం ముడేసి
కన్ను నలుపుకున్నా.
మండింది.
ఏ ఏటి కారమో.