క్యూ నొక్కు, బయటికొస్తావు

నారిన్‌లో మే నెలలో కూడా
గోడల నీడపట్టున మంచు మిగిలే ఉంటుంది.
మా ఉన్ని సంఘం కంప్యూటరు
మూలిగి మూలిగి ఆగిపోయింది అప్పుడే.
తలంత్‌బెక్ వచ్చి విప్పాడు, ఊదాడు, బిగించాడు.
"లినక్స్ వేశాను బురుల్కాన్ అక్కా,
ఇక దీనికి డబ్బు కట్టక్కర్లేదు" అన్నాడు.
టీ తాగి, మర్నాడే
మందని తోలుకుని ఎగువ మేతలకి ఎక్కిపోయాడు.
అక్కడ ఫోను అందదు.

నాకు మిగిలింది నల్లటి తెర,
దాని మూల రెప్పలాడించే తెల్లటి గీత.
అది ఏమీ అడగదు.
నువ్వే ఏదో ఒకటి అడుగు, అన్నట్టు చూస్తుంది.

ముప్పై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నదాన్ని.
ఒక కంబళి తివాచీకి ఎన్ని గొర్రెల ఉన్ని పడుతుందో
కళ్ళు మూసుకుని చెబుతాను.
ఈ గీత ముందు మాత్రం
పలక పోగొట్టుకున్న పిల్లలా కూర్చున్నాను.

గ్రంథాలయంలో గుల్‌నూర్
నిచ్చెనెక్కి మూడు పుస్తకాలు దించింది.
మొదటిది ఇటుకంత లావు, రష్యన్‌లో.
తొలి పేజీలోనే "మీకు తెలిసినదే కదా" అంది.
తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను తల్లీ?
రెండోది, వంద యంత్రాల్ని ఒక్కసారే ఏలేవాళ్ళకి.
నాకున్నది ఒకటి, అదీ నా మాట వినదు.
మూడోదాని అట్ట మీద పెంగ్విన్ నవ్వుతోంది.
లోపల మొదటి నలభై పేజీలు లేవు.
ఏ చలికాలమో ఎవరో పొయ్యి రాజేసుకుని ఉంటారు.
ఓనమాలే మండిపోయాయన్న మాట.

యంత్రం కడుపులోనే ఒక పుస్తకం ఉందంటే
దాన్నీ తెరిచాను.
అన్నీ ఉన్నాయి అందులో,
ఊరి పటంలో వీధులన్నీ ఉన్నట్టు,
నువ్వు నిలబడ్డ చోటు తప్ప.
తెరిచానే గానీ మూయడం రాలేదు.
ఆ సాయంత్రం కరెంటు పోయాకే బయటపడ్డాను.

కంబళి చెప్పులు కొనడానికొచ్చిన ముక్తార్
నా తిట్లు విని గుమ్మంలోనే నవ్వాడు.
ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పని అతనికి.
నిరుడు ఆకురాలే వేళ వాళ్ళకీ ఇదే గతి పట్టిందట.
మర్నాడు ఒక బడిపిల్లల నోటుబుక్కు తెచ్చాడు,
వెనక అట్ట మీద ఎక్కాలు,
లోపల పెన్సిలు రాత:

పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కయినా పడదు.
కీబోర్డు చెడిందని నేను రెండు మార్చాను.
చెడలేదు. వింటోంది. కొట్టు.

పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు.
ఇంటిపేరు ఒకటే అయినా
మాటల్లేని పాలివాళ్ళు.

పని జరిగితే పలకదు.
పలికిందంటే ఏదో బెడిసిందని.

సగం పేరు రాసి ట్యాబ్ నొక్కు, మిగతాది అదే అందుకుంటుంది.

ఆర్ ఎమ్ జోలికి పోకు. చెత్తబుట్ట లేదు.
మార్చి నెల రోగుల జాబితా

ఆ వాక్యం అక్కడే ఆగింది.
కింద టీ మరక.

చివర్న, రెండు గీతలు కొట్టి:
పుస్తకంలో ఇరుక్కుంటే క్యూ నొక్కు, బయటికొస్తావు.

ఆ ఒక్క అక్షరం కోసం
ఎన్ని వందల పేజీలు తిరగేశాను!
ఎప్పుడో దాటినవాడికి వాగు లోతు గుర్తుండదు.
ఇంకా ప్యాంటు తడి ఆరనివాడే
ఏ రాయి జారుతుందో చెబుతాడు.

పీ డబ్ల్యూ డీ అని కొట్టాను.
నేనెక్కడున్నాను, అని అడగడమట అది.
"హోమ్" అంది, ఒక ఏటవాలు గీత గీసి
పక్కనే "బురుల్కాన్" అంది.
ఇల్లు అనే మాట, ఆనుకుని నా పేరు.
మేముండే ఇంటి కాగితాల్లో
ఈ రెండూ ఒకే వరసలో ఎప్పుడూ లేవు.
కాసేపు అలాగే ఉంచాను తెరని.

నోటుబుక్కులో ఖాళీ పేజీ చూసి నేనూ రాశాను:
ఏటవాలు గీత ఇటు వాలాలి, అటు కాదు.
నాకు రెండు రోజులు పట్టింది.
ఇప్పుడది గుల్‌నూర్ దగ్గరుంది,
ఇటుక పుస్తకం పక్కన,
వెన్ను లేక నిలబడలేక దానికే ఆనుకుని.

అన్నట్టు, ముక్తార్ చెప్పుల డబ్బు
ఇంకా లెక్కలో తేలలేదు.
ఖాతాలో ఎక్కించాను, నిజం.
ఏ పేరుతో దాచానో,
పెద్దక్షరమో చిన్నక్షరమో.