ఒర

పర్లాకిమిడిలో ఎవర్నడిగినా చెప్తారు
మా తాత నూతి ఒర ఎత్తిన కథ.
తాలింఖానా నూతిలో చేద ముట్టనివ్వలేదని
కుస్తీల బంగారి నీలయ్య
సిమెంటు ఒరని పెకలించి, భుజాన వేసుకుని
రెల్లివీధి దాకా మోసుకొచ్చాడట.

చెప్పేవాణ్ణి బట్టి దాని బరువు మారుతుంది.
చిన్నరైలు గార్డు ఆరు మణుగులన్నాడు.
పకోడీల బండి దగ్గర పది.
ఒడియా మాస్టారు పాఠంలో చెప్పినపుడు
ఒరలో నీళ్లు కూడా ఉన్నాయి.

నాన్నమ్మ మాత్రం
చీపురు కట్ట బిగిస్తూ అనేది:
"ఒరా లేదు గిరా లేదు.
దోసిలొగ్గమన్నారు, ఒగ్గేడు.
పైనుంచి పోసేరు.
సగం మోచేతులంట కారిపోయింది.
కటకంలో కప్పు గెలిచొచ్చిన పొద్దే.
ఇంటికొచ్చి రెండు చెంబులు తాగి
మాటాడకుండా తొంగున్నాడు."

ఇది ఎవరు చెప్పుకుంటారు?
కారిపోయిన నీళ్లకి బరువుండదు.

నేనూ ఒర కథే చెప్పాను.
నాలుగో తరగతిలో నా పళ్లెం విడిగా పెట్టినపుడు
పన్నెండు మణుగులన్నాను.
పళ్లెం కలవలేదు గానీ
ఆ తర్వాత నా జడ ఎవరూ లాగలేదు.

మొన్న తాతకి విగ్రహం పెట్టారు,
భుజం మీద ఒరతో సహా.
మా వీధి మొగలో పడున్న ఒరని చూసే
శిల్పి కొలతలు తీసుకున్నాడు.
అది మునిసిపాలిటీ వాళ్లు
మురుగు గుంతకని దింపి వదిలేసింది.
ఆ గుంతలోకే మా చిన్నాన్న దిగాడు,
నీలయ్య ఆఖరి కొడుకు.
తాడు పట్టుకుని పైకి లాగితే
తాడొక్కటే వచ్చింది.
అతని మీద కథ ఇంకా ఎవరూ కట్టలేదు.

సభలో నా పక్క కుర్చీలో
ఇస్త్రీ మడతల పెద్దమనిషి
దండల చప్పట్ల మధ్య వంగి, ఎంతో ఇష్టంగా
"ఆ ఒర మా తాతగారి నూతిదేనండీ" అన్నాడు.
నేను ఆయన చేతుల కేసి చూశాను.
పొడిగా, శుభ్రంగా ఉన్నాయి.
పోసిన చెయ్యి పేరు
ఆరు మణుగుల కథలో లేదు, పదిలోనూ లేదు.
"అలాగాండీ" అన్నాను.
ఇంకేదో అనాల్సింది.

సాయంత్రం వీధి పిల్లలు
ఆ ఒర చుట్టూ మూగి ఎత్తబోతున్నారు,
జబ్బలు చరుచుకుంటూ.
"ఎంత బరువుంటాదే అత్తా?"
చెప్పలేదు.
కుళాయి కింద చెంబు నింపి తెచ్చి
దోసిలొగ్గమన్నాను.
ఎత్తునుంచి పోశాను.

"కారిపోతన్నాయే" అంది చిన్నది,
మోచేతులు దగ్గరికి నొక్కుకుంటూ.