నల్ల ఇసక

ఆర్జిపల్లి బడిలో, బోర్డు మీద
ఒడియా అక్షరాల్లో రాశాను: పొరొమాణు.
వెనక బెంచీలో గుసగుస:
"పరమాణువేరా, మన మాటే."

మొదట చింతగింజ గీశాను.
గట్టిది, పగలనిది.
దాదాపు వందేళ్లు అలాగే నమ్మారన్నాను.
చెరిపి, పుచ్చకాయ గీశాను.
ఎర్రటి గుజ్జు, మధ్య మధ్య గింజలు.
పిల్లలకి అదే నచ్చింది,
అక్కడే ఆగిపొమ్మన్నారు.

కానీ ఎవరో బంగారు రేకు మీదకి
రేణువులు విసిరారు కదా.
అన్నీ దూసుకుపోయాయి.
వేలల్లో ఒకటి మాత్రం
విసిరినవాడి వైపే తిరిగొచ్చింది.

కొర్లమ్మ లేచింది. వేళ్ల నిండా నైలాను దారం కోతలు.
"వలే కదా సారూ, అంతా కన్నాలే.
ముడికి తగిలిందే ఎనక్కొస్తాది."
చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది.

సాయంత్రం తీరాన
కంచె అవతల యంత్రాలు నల్ల ఇసక జల్లిస్తున్నాయి.
ఆ రోజు బంగారాన్ని తాకిన జాతి రేణువులనే
అందులోని థోరియం
ఎవరూ చూడకపోయినా విసురుతూనే ఉంది.

"ఏటుందని అందులో, ఇంత కాపలా?"
ఎల్లాజీ తాత అడిగాడు.
చాలామటుకు ఖాళీ, అన్నాను.
పొట్ట పట్టుకుని నవ్వాడు.

మనవడి పడవ ఎక్కడ తాతా?
వేలు చూపించలేదు.
అరచెయ్యి మొత్తం సముద్రం మీద ఆడించాడు.
"అక్కడెక్కడో. ఈయేళప్పుడు ఆపక్కే ఎక్కువ."

రేపు బోర్డు మీద
గీద్దామనుకున్న గుండ్రాలు గీయను.
సుద్దపొడి పల్చగా రుద్ది వదిలేస్తాను.